కేరీలో సాయంత్రం ఏడింటికి మొదలయ్యే ఆ సానరాయి మోత దేనిది? (ఈ వేసవి సికాడాలు వింటున్నవాళ్లు రండి)

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | జులై 12, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్లయింది. ప్రతి జులైలోనూ ఈ రొద చెవిన పడుతూనే ఉంది గానీ, ఏనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఈసారి అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. సాయంత్రాలు వెనక డెక్ మీద కూర్చుని టీ తాగడం అలవాటైంది.

నిన్న ఏడు దాటాక ఓక్ చెట్ల మీంచి మొదలైంది. ముందు సన్నగా, తర్వాత పెరుగుతూ, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ. ఒకటి ఆపేలోపు పక్క చెట్టు మీద ఇంకోటి అందుకుంటుంది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఇదేంటే, మన వీధిలో సైకిల్ స్టాండ్ వేసి కత్తెరలు సానబట్టే అతను వచ్చినట్టుంది!" అంది. నిజంగా అచ్చం అలాగే ఉంది. పెడల్ తొక్కుతుంటే రాయి మీద కత్తి ఆనించి, తీసి, మళ్లీ ఆనించినట్టు.

నాన్న మాత్రం "ఏ మోత?" అన్నారు. మళ్లీ అడిగాం. చెట్టు వైపు చూపించాం. ఆయనకు నిజంగానే ఏమీ వినపడలేదు. అది మనసులో కాస్త గుచ్చుకుంది.

ఇవి సికాడాలనే చెట్టు పురుగులని తెలుసు. కానీ ఏ రకం? 17 ఏళ్లకోసారి వచ్చేవి అంటారు కదా, మరి ఏటా వినపడుతున్నాయేంటి? దగ్గరగా చూడాలంటే ఎలా?

మందార | నేపర్‌విల్, ఇల్లినాయ్ | జులై 12, రాత్రి 11:02

తులసికోట గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ చూడకుండానే పేరు పట్టేశారు! ఇక్కడ ఇంగ్లీషులో కూడా దాన్ని "సిజర్ గ్రైండర్" అనే అంటారు. అంటే కత్తెరలు సానబట్టేదని. మా వైపు ఉండేది నియోటిబిసెన్ ప్రూయినోసస్. మీ తూర్పు రాష్ట్రాల్లో దాని దాయాది, నియోటిబిసెన్ విన్నెమన్నా. రెండూ సాయంత్రం పూటే ఎక్కువ. హెచ్చుతగ్గులుగా లయ కడుతూ కూస్తాయి. మీరు చెప్పిన వేళ, తీరు రెండూ దానికే సరిపోతున్నాయి.

17 ఏళ్ల సంగతి వేరు. అవి మాజిసికాడాలు. కళ్లు ఎర్రగా, ఒళ్లు నల్లగా, రెక్కల ఈనెలు నారింజ రంగులో ఉంటాయి. మే, జూన్‌లలో లక్షలుగా వచ్చి జులైకల్లా మాయమైపోతాయి. ఒకే లెక్కన ఒకేసారి పైకొచ్చే గుంపును బ్రూడ్ అంటారు. 2024లో మా ఇల్లినాయ్‌లో 13వ బ్రూడ్, 19వ బ్రూడ్ ఒకే ఏడు వచ్చాయి. ఆ రెండూ కలిసి రావడం 1803 తర్వాత అదే మొదటిసారి. మా వీధిలో ఫుట్‌పాత్ మీద కాలు పెట్టడానికి చోటు లేదంటే నమ్మండి.

ఇప్పుడు మీరు వినేవి ఏటా వచ్చే సికాడాలు. ఆకుపచ్చ, నలుపు కలిసిన ఒళ్లు, ముదురు రంగు కళ్లు. ఏటా వస్తాయంటే ఏడాదే బతుకుతాయని కాదు. ఇవీ మట్టిలో వేర్ల రసం పీల్చుకుంటూ రెండు నుంచి ఐదేళ్ల దాకా పెరుగుతాయి. కాకపోతే అన్నీ ఒకే ఏడు పైకి రావు. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు. అందుకే మనకు ఏ వేసవీ ఖాళీ పోదు.

గోదారిగట్టు | ఫ్రిస్కో, టెక్సాస్ | జులై 13, ఉదయం 7:40

మా దగ్గర 100 డిగ్రీలు (ఫారెన్‌హీట్) దాటిన మధ్యాహ్నాలు మనుషులంతా ఏసీల్లో దాక్కుంటే ఇవి మాత్రం చెలరేగిపోతాయి. మా పెకాన్ చెట్టు మీద రెండు రకాలు చూశాను. ఒకటి సూపర్బస్, చిలకపచ్చ. పైనుంచి చూస్తే లేత మామిడాకు ముక్క అతికించినట్టే. రెండోది రెష్. దాని వీపు మీద హీబ్రూ అక్షరం రెష్ లాంటి గుర్తుంటుందని ఆ పేరు పెట్టారు.

దగ్గరికెళ్తే టక్కున ఆపేస్తాయి, అదే బాధ. నేను నేర్చుకున్నదేంటంటే, అది కూస్తున్నప్పుడు రెండడుగులు వెయ్యాలి, ఆగినప్పుడు మనమూ ఆగిపోవాలి. చెట్టు చుట్టూ అలా తిరిగేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. మా అబ్బాయికి ఇప్పుడు ఇదే ఆట.

వానచినుకు | ఎడిసన్, న్యూజెర్సీ | జులై 13, సాయంత్రం 6:18

మాకు పొద్దున పూట వినపడుతుంది. తొమ్మిదింటికే మొదలు. హెచ్చుతగ్గులు పెద్దగా లేవు, గలగలమని వణుకుతూ సాగుతుంది. ఇదీ అదేనా?

ఇంకో సందేహం. రాత్రి పదకొండింటికి కూడా చెట్లన్నీ హోరెత్తిపోతున్నాయి. కిటికీ తీస్తే నిద్ర లేదు. అవీ సికాడాలేనా?

మందార | నేపర్‌విల్, ఇల్లినాయ్ | జులై 13, రాత్రి 8:55

పొద్దున పూటది బహుశా నియోటిబిసెన్ టిబిసెన్. దాన్ని స్వాంప్ సికాడా అనీ, మార్నింగ్ సికాడా అనీ అంటారు. వీపు నలుపు, మెడ దగ్గర ఆకుపచ్చ గుర్తులు.

రాత్రి పదకొండింటివి మాత్రం సికాడాలు కావు. అవి కాటీడిడ్‌లు (మిడతల్లాంటి పురుగులు), కీచురాళ్లు. మూడేసి దెబ్బలుగా "క-టీ-డిడ్, క-టీ-డిడ్" అని ఒకదానికొకటి బదులిస్తున్నట్టుంటే కాటీడిడ్. ఈ ఏటేటా వచ్చే సికాడాలు పగలూ, సందెవేళా కూస్తాయి, బాగా చీకటి పడితే ఊరుకుంటాయి. కాబట్టి ముందు గడియారం చూడండి, తర్వాత చెవి పెట్టండి. సగం గుర్తింపు అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి మూడు విషయాలు పట్టించుకోండి. మోత నిలకడగా ఉందా, అలలుగా ఉందా? ఎంతసేపు సాగింది? చివర్లో ఎలా ఆగింది, టక్కునా, మెల్లగా దిగజారిపోతూనా?

మా వైపు ఇంకోటుంది, కానిక్యులారిస్. రంపపు మిషను కలపను కోస్తున్నట్టు ఒకే స్థాయిలో గీసి, చివర్లో జారిపోతుంది. దీన్నే డాగ్-డే సికాడా అంటారు. మన మృగవ్యాధ నక్షత్రాన్ని వాళ్లు కుక్క నక్షత్రం అంటారు. అది సూర్యుడితో పాటు ఉదయించే ఎండరోజుల్లో కూస్తుందని ఆ పేరు. నక్షత్రం పేరున్న పురుగు అని చెబితే మా పాప వారం రోజులు దాని బొమ్మలే గీసింది.

శేషాచలం | తిరుపతి | జులై 14, ఉదయం 9:30

పేరు గురించి ఒక మాట. మనం రెండిటినీ కీచురాయి అనేస్తాం. మా అమ్మమ్మకైతే రాత్రి పొయ్యి వెనక అరిచేదీ కీచురాయే, అడవిలో మిట్టమధ్యాహ్నం అరిచేదీ కీచురాయే. కానీ రెండూ పూర్తిగా వేరు. రాత్రి పురుగు రెక్కను రెక్కకు రుద్ది చప్పుడు చేస్తుంది. సికాడాకు ఆ అవసరం లేదు. పొట్ట మొదట్లో రెండు పక్కలా పల్చటి గట్టి పొరలుంటాయి. లోపలి కండరం లాగితే పొర లోపలికి ముడుచుకుని టిక్, వదిలితే పైకి లేచి టిక్. తిరునాళ్లలో రేకు కప్ప బొమ్మ కొనిచ్చేవారు గుర్తుందా, బొటనవేలితో నొక్కితే టిక్కుటిక్కుమనేది. సరిగ్గా అదే పని. సెకనుకు వందలసార్లు చేస్తే ఆ టిక్కులన్నీ కలిసిపోయి ఏకధాటిగా మోత అవుతుంది. మగదాని పొట్ట చాలావరకు డొల్ల. కుండ నోట్లో పాడితే మోగినట్టు మోగుతుంది. ఆడది ఇలా కూయదు.

ఏప్రిల్, మేలలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో బండి ఆపి ఇంజన్ కట్టేస్తే తెలుస్తుంది దాని సంగతి. పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. మన దేశంలోనూ లెక్క ప్రకారం వచ్చేది ఒకటుంది. మేఘాలయ రి-భోయ్ జిల్లాలో నాలుగేళ్లకోసారి, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగే ఏడే వస్తుంది. అక్కడివాళ్లు దాన్ని నియాంగ్‌టాసెర్ అంటారు. శాస్త్రీయ నామంలో కూడా ఆ జిల్లా పేరే పెట్టారు, క్రెమిస్టికా రిభోయ్ అని.

మీ సానరాయిని నాకూ వినిపించండి తల్లీ.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | జులై 15, రాత్రి 9:50

శేషాచలం గారూ, రేకు కప్ప మాట చదివి వినిపిస్తే నాన్న పకపకా నవ్వారు. "నీకూ కొనిచ్చాను, రెండ్రోజుల్లో విరగ్గొట్టావు" అన్నారు.

వినిపిద్దామని నిన్న తెనాలిలో అక్కకు వీడియో కాల్ చేశాను. ఫోన్ చెట్టు వైపు తిప్పి పట్టుకుంటే అక్క "ఏమీ రావట్లేదే, సైలెంట్‌గా ఉంది" అంది. ఇక్కడేమో చెవులు చిల్లులు పడుతున్నాయి.

గోదారిగట్టు | ఫ్రిస్కో, టెక్సాస్ | జులై 15, రాత్రి 10:20

కాల్‌లో రాదండీ. కాల్ యాప్‌లు మాట ఒక్కటే ఉంచి, వెనక ఆగకుండా వచ్చే చప్పుడంతా గాలి మోత, ఫ్యాను మోత కింద లెక్కగట్టి తీసేస్తాయి. సౌండ్ రికార్డర్‌లో రికార్డ్ చేసి ఫైల్ పంపండి. ఫోన్ చెట్టుకు ఆనించకండి, గాలి తగలకుండా ఒళ్లో పెట్టుకుంటే బాగా వస్తుంది. శబ్దాన్ని గీతల్లో చూపించే యాప్‌లు కూడా ఉన్నాయి, స్పెక్ట్రోగ్రామ్ అంటారు. సానరాయి రకమైతే అలలు అలలుగా కనపడుతుంది. మీ నాన్నగారికి అది చూపించండి. వినపడకపోయినా కనపడుతుంది కదా.

ఇసుకతిన్నె | చాండ్లర్, అరిజోనా | జులై 16, మధ్యాహ్నం 1:12

మా ఎడారి పురుగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. అపాచీ సికాడా. జూన్ నుంచి మా వీధిలో పాలోవెర్డె చెట్ల మీదా, మెస్కిట్ల మీదా ఇదే గోల. (మెస్కిట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. మొదటిసారి చూసినప్పుడు అనంతపురం వెళ్లినట్టు అనిపించింది.) 110 డిగ్రీల ఎండలో పక్షులు కూడా నోరు మూసుకుంటే ఇది కూస్తుంది. కారణం, దీనికి చెమట పడుతుంది! చెట్టు నుంచి పీల్చిన నీటినే ఒంటి మీది సన్నటి రంధ్రాల్లోంచి వదిలి ఒళ్లు చల్లబరచుకుంటుంది. పిట్టలు బయటికి రాని వేళ కూస్తే తినేవాళ్లు లేరు. ఎంత తెలివో చూడండి.

చెవిగడప | కొలంబస్, ఒహాయో | జులై 16, రాత్రి 9:05

నేను ఆడియాలజిస్టుని. ఎప్పుడూ చదవడమేగానీ రాయను. తులసికోట గారు వాళ్ల నాన్నగారి గురించి రాసిన మాట దగ్గర ఆగిపోయాను.

వయసుతో పాటు ముందు పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు. లోపలి చెవి నత్తగుల్లలా ఉంటుంది. దాని గుమ్మం దగ్గరి కణాలు హెచ్చు శబ్దాలవి, లోపలివి బరువైన శబ్దాలవి. గుమ్మం దగ్గరివే ముందు అరుగుతాయి. పెద్ద మోతల మధ్య పనిచేసినవాళ్లకు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ముందు దెబ్బతింటుంది. ఈ సికాడాల్లో చాలావాటి కూత ఆ పైనే. అందుకే పక్కవాళ్ల చెవులు గింగురుమంటున్నా వాళ్లకు వినపడకపోవచ్చు. మన మాటల్లో స, ష లాంటి అక్షరాలూ హెచ్చు స్థాయి శబ్దాలే. కాబట్టి వాళ్లు "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. మనమేమో పరధ్యానం అనుకుని విసుక్కుంటాం.

నాన్నగారు ఏం పని చేసేవారు? టీవీ సౌండ్ పెంచుతున్నారా? పిల్లల మాటలు రెండోసారి అడుగుతున్నారా? కంగారేమీ లేదు. ఊరెళ్లాక ఒకసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | జులై 17, ఉదయం 6:30

చెవిగడప గారూ, రాత్రి మీ పోస్ట్ చదివి చాలాసేపు నిద్ర పట్టలేదు. నాన్న నలభై ఏళ్లు రైస్ మిల్లులో చేశారు. మీరడిగినవన్నీ అవును. మా పాప ఏదైనా చెబితే నవ్వి తలూపుతారు. అర్థమైందనే అనుకున్నాం ఇన్నాళ్లూ. పొద్దున కాఫీ దగ్గర అడిగితే, "మిల్లులో చేసినవాళ్లందరికీ అంతేలేమ్మా" అన్నారు, అదేదో చొక్కా మీద తవుడు పడ్డట్టు. ఎన్నాళ్లుగా తెలుసో ఆయనకు!

పరీక్షకు తీసుకెళ్తానని అక్క మాటిచ్చింది. ఈలోపు కంటితో చూసేవన్నీ చూపించాలని నిర్ణయించుకున్నాను. సికాడాలు చెట్ల మీద విడిచిపోయే పాత చర్మపు గుల్లల వేట మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు దొరికాయి.

వానచినుకు | ఎడిసన్, న్యూజెర్సీ | జులై 20, సాయంత్రం 5:45

అర్జెంటుగా ఒక సాయం. మా లాన్‌లో పెద్ద పెద్ద కందిరీగలు, రెండంగుళాల దాకా ఉన్నాయి. ఒకటి సికాడాను కాళ్ల మధ్య పట్టుకుని ఈడ్చుకెళ్లి కన్నంలో దూరింది. పిల్లలున్నారని టెన్షన్‌గా ఉంది. మందు కొట్టించమని అంటున్నారు.

మందార | నేపర్‌విల్, ఇల్లినాయ్ | జులై 20, సాయంత్రం 6:02

దయచేసి కొట్టించకండి! అవి సికాడా కిల్లర్ కందిరీగలు. గుంపుగా కాపురం ఉండవు, మన మీద పడవు. ముఖం ముందు ఎగిరి బెదిరించేవి మగవి, వాటికి కొండే లేదు. ఆడదానికి ఉంది గానీ, చేత్తో నలిపితేనో, తొక్కితేనో తప్ప కుట్టదు. సికాడాను కుట్టి కదలకుండా చేసి, కన్నంలో పెట్టి, దాని మీద గుడ్డు పెడుతుంది. పిల్లకు అదే తిండి. కొన్ని వారాల్లో వాటి పనైపోతుంది. పిల్లలకు చెప్పులు వేయండి చాలు. అవి ఉన్నాయంటే మీ వీధిలో సికాడాలు దండిగా ఉన్నట్టే.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | జులై 26, రాత్రి 11:58

చూశాం. అందరం చూశాం. చెయ్యి ఇంకా వణుకుతోంది, తప్పులుంటే క్షమించండి.

రాత్రి 9:40కి నాన్న టార్చితో వెనక ఓక్ చెట్టు మొదట్లో వెతుకుతున్నారు. వారం నుంచి ఇదే పని. "ఇటు రండి" అని మెల్లగా పిలిచారు. మట్టి కొట్టుకుపోయిన గోధుమరంగు పురుగు, ముందుకాళ్లు పీత డెక్కల్లా, బెరడు పట్టుకుని ఎక్కుతోంది. నాన్న నడుమెత్తు దాకా వెళ్లి ఆగింది. రెండుసార్లు ఒళ్లు ఊపి పట్టు చూసుకుంది. పది నిమిషాలు ఏమీ లేదు. అప్పుడు వీపు మధ్యలో సన్నటి గీత పడింది. గీత వెడల్పై లోపల్నించి లేతాకుపచ్చ ఒళ్లు ఉబ్బుకుంటూ వచ్చింది. తల, కాళ్లు, అన్నీ బయటికొచ్చి వెనక్కి వాలిపోయి, తోక కొసతో మాత్రం గుల్లను పట్టుకుని తలకిందులుగా వేలాడింది. పడిపోతుందేమోనని పాప చేతులు దోసిలి పట్టింది. చాలాసేపు అలాగే ఉండి, ఒక్క ఊపున పైకి లేచి, తన పాత గుల్లనే తాను పట్టుకుని తోక లాక్కుంది.

రెక్కలు అప్పటికి తడిసి ముడుచుకున్న కాగితపు ఉండల్లా ఉన్నాయి. మా కళ్ల ముందే అవి దిగి దిగి, పాలరంగు పరదాల్లా నిలబడ్డాయి. ఈనెలు లేత తమలపాకు రంగు. రెండు పెద్ద కళ్ల మధ్య నుదుటి మీద మూడు చిన్న చుక్కలు, ముక్కుపుడక రాళ్లలా. అవీ కళ్లేనట. అమ్మ "దిష్టి తగులుతుంది, ఆ లైటు తీసెయ్యండి" అంది. తీసేశాం.

ఎవరూ ముట్టుకోలేదు. రెక్క గట్టిపడకముందు తగిలితే వంకరపోతుందని మందార గారు మెసేజ్‌లో ముందే హెచ్చరించారు.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | జులై 27, ఉదయం 7:10

పొద్దున చూస్తే గుల్ల ఒక్కటే ఉంది. చీలిక దగ్గర తెల్లటి దారాలు వేలాడుతున్నాయి. ఏంటవి?

శేషాచలం | తిరుపతి | జులై 27, ఉదయం 8:15

ఊపిరి గొట్టాల లోపలి పొరలు. పై చర్మంతో పాటు వాటినీ వదిలేస్తుంది.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | ఆగస్టు 9, రాత్రి 9:30

ఇవాళ శ్రావణ పౌర్ణమి. బొబ్బట్లు తిని బయట కూర్చున్నాం. సానరాళ్లు మెల్లగా సద్దుమణిగాయి. పొద్దు గూకి పది నిమిషాలైంది. అప్పుడు మా నెత్తి మీది ఓక్ కొమ్మల్లోంచి, ఇన్నాళ్లూ వినని కొత్త మోత. సన్నగా కాదు, బొంగురుగా, బండి ఇంజన్ గొంతు సవరించుకున్నట్టు.

నాన్న తలెత్తారు. మేమెవరం ఏమీ అనలేదు. "ఇదేనా మీరంతా చెప్పేది?" అన్నారు.

కాదు నాన్నా అనబోయి ఆగిపోయాను. ఆయన లేచి చెట్టు కిందికెళ్లి, చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని నిలబడ్డారు. అది ఆగేదాకా అలాగే ఉన్నారు. అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. ఏంటది మందార గారూ? రికార్డింగ్ పంపాను.

మందార | నేపర్‌విల్, ఇల్లినాయ్ | ఆగస్టు 9, రాత్రి 10:04

విన్నాను, రెండుసార్లు. మెగాటిబిసెన్ ఆలెటీస్. ఉత్తర అమెరికా సికాడాల్లో అన్నిటికంటే పెద్దది. ఓక్ చెట్లంటే దానికి ఇష్టం, పొద్దు గూకాక కాసేపే కూస్తుంది. పెద్ద ఒళ్లు కాబట్టి గొంతు మిగతావాటికంటే బరువు. మీ నాన్నగారి చెవికి అందే దాకా దిగింది.

చెవిగడప | కొలంబస్, ఒహాయో | ఆగస్టు 9, రాత్రి 10:31

నెత్తి మీదే ఉండటం కూడా కలిసొచ్చింది. చాలా సంతోషంగా ఉంది. అయినా పరీక్ష మాత్రం మానొద్దు.

తులసికోట | కేరీ, నార్త్ కరోలినా | ఆగస్టు 12, రాత్రి 9:15

మానంలెండి, అక్క అపాయింట్‌మెంట్ తీసేసుకుంది. అమ్మ తెనాలి నుంచి తెచ్చిన గోడ క్యాలెండర్‌లో తిథి కింద నాన్న పెన్సిల్‌తో రాస్తున్నారు. 9న "8:22 మొదలు, 8:46 ఆపు". 10న "8:20 మొదలు, 8:41 ఆపు, రెండు". నిన్న "8:19, మూడు, ఒకటి పక్కింటి చెట్టు మీద".

ఇవాళ సాయంత్రమంతా వాన. ఒక్కటీ కూయలేదు. ఎనిమిదిన్నర దాకా తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికొచ్చి "వాన" అని రాశారు.